డేవిడ్ విగ్రహం, గణపతి చెనిక్కాయ: ఒక కార్టూను ధారావాహికలో కళాఖండాల ప్రస్తావన

కిందటి వినాయక చవితికి మా ఊరు వత్రాప్ వెళ్ళాను. పడమటి కనుమల పాదాన, శ్రీవిల్లిపుత్తూరుకు చేరువలో ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పూజ ముగిసింది. అమెరికాలో పుట్టి పెరిగిన మా అక్కయ్య మనవడు వసారాలో కూర్చుని ‘ది సింప్సన్స్’ అనే కార్టూను ధారావాహికలో ఒక పాత భాగం చూస్తున్నాడు. అందులో హోమర్ సింప్సన్ అనే గృహస్థు కిరాణా కొట్టు వెనక గదిలో గణపతి విగ్రహం ఉన్నదని విని, ‘వేరుసెనగ పలుకు కావాలా’ అని ఆ దేవుణ్ణి పలకరిస్తాడు. కొట్టు నడిపే అపు అనే భారతీయుడు, తన దేవుడికి వేరుసెనగలు పెట్టవద్దని మర్యాదగా బతిమాలుకొంటాడు. పిల్లవాడు నవ్వి, పక్కనున్న మా అమ్మకు కథ విప్పి చెప్పాడు. ఎనభై దాటిన మా అమ్మకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. “సామికి చెనిక్కాయ పెడితే ఏమంట? మనం పెట్టటంలా?” అని అడిగింది. నిజమే. ఆనాటి నైవేద్యంలో ఉండ్రాళ్ళ పక్కనే కోవిల్‌పట్టి నుంచి తెచ్చిన వేరుసెనగ మిఠాయి కూడా ఉంది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిఠాయి లేకుండా మా వైపు ఏ పండుగా జరగదు.

ఆమె ప్రశ్నకు పిల్లవాడి దగ్గర జవాబు లేదు. ఆ పూటకు నా దగ్గరా లేదు. తరువాత ఆలోచించి రాస్తున్నదే ఈ వ్యాసం.

తెలుగు పీఠం వారి పత్రికలో అమెరికా కార్టూను గురించి రాయడమేమిటని కొందరికి తోచవచ్చు. కారణాలు రెండు. మ్యాట్ గ్రేనింగ్ సృష్టించిన ఈ ధారావాహిక 1987లో చిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరు నుంచి స్వతంత్రంగా ప్రసారమవుతున్నది. ఇన్నేళ్ళలో అది మ్యూజియాలలోని ప్రసిద్ధ కళాఖండాలను ప్రస్తావించినంతగా మరో వినోద కార్యక్రమం ప్రస్తావించి ఉండదనుకొంటాను. పూర్వకృతిని లోపల పెట్టుకొని కొత్త కృతి మాట్లాడడం మనం తరగతి గదిలో రోజూ బోధించే విషయమే. ఇది మొదటి కారణం. ఇక రెండోది: ఈ ధారావాహికలోని భారతీయ పాత్రపై బహిరంగంగా, గట్టిగా తగువు పెట్టినవాడు మన తెలుగింటి బిడ్డ, న్యూయార్కులో పుట్టిన హరి కొండబోలు. అతని ప్రసక్తి వ్యాసం చివర వస్తుంది.

ముందుగా ఒక కొలత కావాలి. భాషాశాస్త్రంలో మేము వాడే వినిమయ పరీక్ష ఇక్కడ పనికివస్తుంది. ‘కాలి’లోని ‘క’ తీసి ‘గ’ పెడితే ‘గాలి’ అవుతుంది. అర్థం మారింది కనుక తెలుగులో ఆ రెండూ వేరువేరు వర్ణాలు. తమిళ లిపిలో ఆ రెండింటికీ ఒకటే అక్షరం. ఒకరి చెవికి లెక్కకు వచ్చే తేడా మరొకరి చెవికి రాదన్నమాట. మా ఊళ్ళో పిల్లలు ఈ రెండు లెక్కలతోనూ పెరుగుతారు. హాస్యంలో కళాఖండాన్ని వాడినప్పుడు ఇదే పరీక్ష చేయవచ్చు. ఆ కళాఖండం తీసి మరొకటి పెట్టి చూడాలి. హాస్యం చెడితే, మూలకృతి అక్కడ పని చేస్తున్నట్టు. చెడకపోతే అది గోడకు తగిలించిన పటం మాత్రమే.

మనకిది కొత్త కాదు. పేరడీకి మన సాహిత్యంలో పేరు తెచ్చిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి, జరుక్ శాస్త్రిగా మనమెరిగినవాడు, శ్రీశ్రీని అనుకరించాడు. శ్రీశ్రీ నడక తన నోట నానినవాడికే అది సాధ్యం. వెక్కిరించేవాడు వెక్కిరింతకు గురైనవాడికంటె ఒక రాత్రి ఎక్కువ మేల్కొని చదవాలి.

ఈ పరీక్షకు పూర్తిగా నిలిచేది 1990 డిసెంబరు 20న ప్రసారమైన భాగం. జాన్ స్వార్ట్జ్‌వెల్డర్ రచన. ఇంటిల్లిపాదీ చూసే పిల్లీ ఎలుకల కార్టూనులో హింస మితిమీరింది. అది చూసిన పసిపాప సుత్తితో తండ్రి తల బాదుతుంది. తల్లి మార్జ్ ఉత్తరాలు రాసి, పదిమందిని కూడగట్టి, ఉద్యమం నడిపి ఆ కార్టూనును సాధువుగా మార్పించి గెలుస్తుంది. పిల్లలు విసుగెత్తి టెలివిజన్ కట్టేసి వీధిలోకి వచ్చి ఆడుకొంటారు. ఇంతవరకు ఇది నీతికథ. అప్పుడు ఆ ఊరి మ్యూజియానికి మైకెలాంజెలో ‘డేవిడ్’ ప్రదర్శనకు వస్తుంది. నిన్నటిదాకా మార్జ్ వెనక నడిచిన స్త్రీలే, నగ్నవిగ్రహం ఊళ్ళోకి రాకూడదు, నువ్వే ముందు నిలవాలి అని ఆమె గుమ్మం తొక్కుతారు. ఆమె మాత్రం అది గొప్ప కళాఖండం, అందరూ చూడాలి అంటుంది. టెలివిజన్ చర్చలో ప్రశ్న సూటిగా వస్తుంది: ఒక రకం అభివ్యక్తిని ఆపమని, మరో రకాన్ని స్వాగతించమని ఒకే నోట ఎలా అంటారు? మార్జ్ కొంచెం ఆలోచించి, అనలేనని ఒప్పుకొంటుంది. పిల్లీ ఎలుకలు మళ్ళీ పాత పద్ధతిలో నరుక్కొంటాయి. చివర దంపతులిద్దరే విగ్రహం ముందు నిలబడతారు. పిల్లలు ఇది వదిలి కార్టూను చూస్తున్నారని ఆమె బాధపడితే, బడివాళ్ళు బలవంతాన తీసుకువచ్చి చూపిస్తారులే అని భర్త ఓదారుస్తాడు.

ఇప్పుడు పరీక్ష. డేవిడ్ తీసి మోనాలిసాను పెట్టండి: గొడవే లేదు, కథ ఆగిపోతుంది. ఎవరో ఒక ఆధునిక శిల్పి చేసిన నగ్నవిగ్రహం పెట్టండి: మార్జ్ సంకటం సగమైపోతుంది, ఎందుకంటే అది గొప్ప కళ అవునా కాదా అనే వేరే చర్చ మొదలవుతుంది. డేవిడ్ విషయంలో ఆ చర్చకు తావు లేదు. 1501, 1504 మధ్య చెక్కిన ఈ 5.17 మీటర్ల పాలరాతి విగ్రహం మొదట ఫ్లోరెన్స్ నగర కూడలిలో అందరి కళ్ళముందూ నిలిచి, 1873లో అకాడెమియా మ్యూజియంలోకి చేరింది. పైగా అతడు బైబిలు వీరుడు. ధర్మరక్షకులమనుకొనే స్త్రీలు తమ ధర్మగ్రంథంలోని యువకుడి విగ్రహాన్నే వద్దంటున్నారు. ఇన్ని పొరలు ఆ ఒక్క విగ్రహంలోనే ఉన్నాయి. రచయితకు ఆ సంగతి తెలుసు.

అతనికి ఇంకొకటి కూడా తెలుసని నా అనుమానం. పందొమ్మిదో శతాబ్దిలో లండన్ సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలోని డేవిడ్ నమూనాకు గొప్పింటివారు వచ్చినప్పుడు తగిలించడానికి సున్నపుముద్దతో ఒక అంజూరపు ఆకు చేయించి ఉంచారు. ఆ ఆకు ఇప్పటికీ ఆ మ్యూజియంలో ఉంది. అదీ ఒక ప్రదర్శన వస్తువే అయింది. ఇక 2023లో ఫ్లోరిడాలో ఒక పాఠశాలలో ఆరో తరగతి పిల్లలకు డేవిడ్ బొమ్మ చూపినందుకు తల్లిదండ్రుల ఫిర్యాదు వచ్చి, ప్రధానోపాధ్యాయిని పదవి వదులుకోవలసి వచ్చింది. ముప్పై మూడేళ్ళ ముందు కార్టూనులో నవ్వుకు రాసినది పత్రికలో వార్తగా వచ్చింది. బడివాళ్ళు బలవంతాన చూపిస్తారన్న హోమర్ భరోసా ఒక్కటే తప్పింది.

1999 ఏప్రిల్ 11 నాటి మరో భాగం కళాభిమానులకు బాగా ఇష్టమైనది. నాకు అంత ఇష్టం లేదు. హోమర్ తోటలో కట్టబోయిన పొయ్యి పాడైపోతే, ఆ శిథిలాన్ని ఒక కళావర్తకురాలు గొప్ప శిల్పమంటుంది. తరువాత అతడు మ్యూజియంలో నిద్రపోయి కల కంటాడు. లియొనార్డో గీసిన వృత్తంలోని మనిషి అతణ్ణి తన్నుతాడు, పికాసో ముగ్గురు సంగీతకారులు తుపాకులు పేలుస్తారు, డాలీ గడియారాలతో పాటు అతడూ కరిగిపోతాడు, వార్‌హోల్ సూపు డబ్బాలు విసురుతాడు. చూడడానికి బాగుంటుంది. కాని ప్రతి కృతినుంచీ ఒక్కొక్క గుర్తు మాత్రమే తీసుకొన్నారు. ఒకటి తీసి మరొకటి పెట్టినా కల కలగానే సాగుతుంది. ఇది బొమ్మల కొలువు వరస. అదే భాగంలో టర్నర్ గీసిన వెనిస్ కాలువల చిత్రం చూసిన హోమర్, రాత్రికి రాత్రి ఊరంతా నీట ముంచి వీధులను కాలువలు చేస్తాడు. ఇది వేరు. నీళ్ళను, వెలుతురును గీసిన చిత్రకారుణ్ణి తీసేస్తే ఆ వరద రాదు. నిత్యం కళ్ళబడే జెండాలను, గురి పలకలను తన చిత్రాలలోకి తెచ్చుకొన్న జాస్పర్ జాన్స్ ఇందులో స్వయంగా తన గొంతు ఇచ్చి, కంటబడినదల్లా దొంగిలించే పెద్దమనిషిగా కనిపించడమూ తెలిసి వేసిన చమత్కారమే. కళ మీద కళాకారుడే నవ్వుకొన్నాడు.

ఇక గణపతి. 1992 అక్టోబరు 8 నాటి భాగం. అక్కడ గణపతి తీసి జంతుప్రదర్శనశాల ఏనుగును పెట్టండి, లేదా దూదితో కుట్టిన బొమ్మ ఏనుగును పెట్టండి. హాస్యం రవ్వంత కూడా చెడదు. అంటే అక్కడ గణపతి లేడు, తొండం ఒక్కటే ఉంది. అపు జవాబు మరీ విచిత్రం. భక్తుడు నొచ్చుకొన్నట్టు రాశారు. కాని భక్తుడు దేనికి నొచ్చుకొంటాడో రాసినవాళ్ళకు తెలియదు. నైవేద్యం పెట్టడం మనకు అపచారం కాదు. శ్రీవిల్లిపుత్తూరు కథలో గోదాదేవి తాను ముడిచి విడిచిన మాలనే స్వామికి పంపింది. తండ్రి విష్ణుచిత్తుడు కలవరపడ్డాడు, స్వామి మాత్రం అదే కావాలన్నాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసిన నాటినుంచి ఈ సంగతి తెలుగువాళ్ళందరికీ తెలుసు. పెట్టే వస్తువును బట్టి, పెట్టే పద్ధతిని బట్టి నొప్పి లెక్కగట్టే దేవుళ్ళు మా ఊరి చుట్టుపక్కల లేరు. మా అమ్మకు ఆ హాస్యం అందకపోవడానికి కారణం ఆమె అజ్ఞానం కాదు. అందులో ఆమెకు తెలిసిన గణపతి లేకపోవడం.

నవ్వడమే తప్పని నేననడం లేదు. ఆ రోజు ఉదయమే మా ఇంట్లో చదివిన వ్రతకథలో ఏముంది? కడుపునిండా ఉండ్రాళ్ళు తిన్న గణపతి తల్లిదండ్రులకు మొక్కబోతే పొట్ట అడ్డు వచ్చి చేతులు నేలకానవు. శివుడి తలమీది చంద్రుడు పకపకా నవ్వుతాడు. చంద్రుడికి శాపం తగిలింది, సరే. అయినా ఏటేటా ఆ ఘట్టం దగ్గర పిల్లలు నవ్వుతూనే ఉన్నారు, పెద్దలు ఆపడం లేదు. ఆ నవ్వును పరీక్షకు పెట్టండి. గణపతిని తీసి కుమారస్వామిని పెడితే కథే లేదు. చంద్రుడు నవ్వినా, నవ్విందేమిటో తెలిసి నవ్వాడు.

ధారావాహికకు అన్యాయం చేయకుండా ఇంకొకటి చెప్పాలి. అదే భాగం చివర హోమర్ ఇంటికి నిప్పంటుకొంటే, ఆర్పడానికి వచ్చినవాళ్ళలో అపు కూడా ఉంటాడు. అన్ని మతాల వారూ కలిసి కాపాడారని చెబుతూ అక్కడి పాస్టరు హిందూమతం పేరు తట్టక ‘ఇతరాలు’ అని సరిపెడతాడు. మేము డెబ్భై కోట్లమందిమని అపు గుర్తుచేస్తాడు. ఇక్కడ నవ్వు పాస్టరు తెలియనితనం మీద. చక్కని వ్యంగ్యం. అయితే మొదట అదే తెలియనితనాన్ని పెట్టుబడిగా పెట్టి వేరుసెనగ చమత్కారం నడిపినవాళ్ళు వీళ్ళే. ఒకే భాగంలో రెండు రకాలూ ఉన్నాయి కనుకనే పరీక్ష అవసరం.

పాత్ర పేరులోనే ఈ రెండు రకాలూ పక్కపక్కన కనిపిస్తాయి. ‘అపు’ అన్నది సత్యజిత్ రాయ్ చిత్రత్రయంలోని బాలుడి పేరు. 1955 నాటి ‘పథేర్ పాంచాలి’ని ఎరిగినవాళ్ళు ఆదరంతో పెట్టిన పేరు. ఇంటిపేరు ‘నహసపీమపెటిలన్’. ముప్పై ఏళ్ళుగా ధ్వనిశాస్త్రం బోధిస్తున్నాను. ఈ మాటను ఎక్కడ విరిచినా ఒక్క భారతీయ భాషలోనూ ధాతువు గాని, ప్రత్యయం గాని, ఊరిపేరు గాని నాకు దొరకలేదు. అది పేరు కాదు, పరాయివాడి నోట మన పేర్లు ఎలా వినిపిస్తాయో ఆ చప్పుడు. ముందు సగం మూలమెరిగిన ప్రస్తావన, వెనక సగం మూలం అక్కరలేని వెక్కిరింత. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది గనుక మనకు ముందు వినబడేది వెక్కిరింతే.

డేవిడ్ మ్యూజియంలో ఉన్నాడు, గణపతి కొట్టు గదిలో ఉన్నాడు, రెంటికీ పోలిక ఏమిటని అడగవచ్చు. ఆ తేడా విగ్రహంలో లేదు, పెట్టిన చోటులో ఉంది. ఒహైయో రాష్ట్రంలోని టొలీడో కళామ్యూజియం 2006లో ఒక గణపతి లోహవిగ్రహాన్ని కొన్నది. అది మన తమిళనాడులో శ్రీపురందాన్ గుడినుంచి దొంగలు ఎత్తుకుపోయినదని తేలింది. 2014లో ఆ మ్యూజియం దాన్ని తిరిగి ఇవ్వడానికి ఒప్పుకొన్నది. అదే గుడినుంచి పోయి ఆస్ట్రేలియా జాతీయ కళాశాలకు చేరిన నటరాజ విగ్రహాన్ని ఆ ఏడే వాళ్ళ ప్రధాని స్వయంగా తెచ్చి అప్పగించాడు. గుడిలో దేవుడు, మ్యూజియంలో కళాఖండం, కార్టూనులో ఏనుగు. డేవిడ్‌కు ఈ అవస్థ లేదు. కూడలిలో ఉన్నా, మ్యూజియంలో ఉన్నా, కార్టూనులో ఉన్నా అతడు డేవిడే.

ఈ విషయంలో నాకు ఉన్న పక్షపాతం దాచను. నా చిన్నతనంలో వీధి పిల్లలు మా ఇంటి తెలుగును అనుకరించి నవ్వేవారు. పెద్దయ్యాక ఉత్తరాన ఒక సదస్సులో పత్రం చదివి కూర్చున్నాను. విరామంలో ఒక పండితుడు నా ‘వచ్చినాడు, పోయినాడు’లను గొంతు సాగదీసి అనుకరిస్తే నలుగురూ నవ్వారు, మర్యాదకు నేనూ నవ్వాను. ఆయన నా మాట అనుకరించలేదు. నేను ఆ రూపాలను అలా సాగదీయను. దక్షిణాది తెలుగు ఇలా ఉంటుందని ఆయన ఊహించుకొన్నదాన్ని అనుకరించాడు. నొప్పి కలిగింది నవ్వుకు కాదు, అందులో నేను లేనందుకు. కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగింటివాడు, తమిళంలో రాశారు. దక్షిణానికి వలస వచ్చిన మనవాళ్ళ కథ ‘గోపల్ల గ్రామం’లో చెప్పారు, నల్లరేగడి నేల మాటలకు నిఘంటువు కూర్చారు. మనవాళ్ళ తిక్కలను ఆయన నవ్వించినట్టు మరెవరూ నవ్వించలేదు. మా అమ్మ ఆ కథలు వింటూ కళ్ళు తుడుచుకొనేది, నవ్వుతోనే.

హరి కొండబోలు 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అతడు ఈ ధారావాహికను ద్వేషించేవాడు కాదు, చిన్నప్పటినుంచీ దానికి అభిమాని. అపు పాత్రకు తెల్లజాతి నటుడు హాంక్ అజేరియా గొంతు ఇవ్వడం, ఆ యాస బడిలో భారతీయ పిల్లలను ఏడిపించే ఆయుధం కావడం అతని ప్రధాన ఆరోపణలు. ఆరోపణ న్యాయమైనదే. అయితే నాకొక చిన్న తేడా ఉంది. అతని వాదమంతా గొంతు చుట్టూ, ఆ గొంతు తెచ్చిన అవమానం చుట్టూ తిరుగుతుంది. గొంతు మార్చవచ్చు. 2020 జనవరిలో అజేరియా ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనన్నాడు. ఆ జూన్‌లో ధారావాహిక వారు ఇలాంటి పాత్రలకు తెల్లజాతి నటులను పెట్టబోమని ప్రకటించారు. గొంతు మారినా ఇంటిపేరు మారదు, గది వెనక గణపతి గణపతి కాడు. యాస అసలైనదైనా, చేతికిచ్చిన మాటలు ఎరుక లేనివైతే నటుడు ఏం చేస్తాడు?

కొండబోలు చిత్రానికి ధారావాహిక చెప్పిన జవాబు 2018 ఏప్రిల్ 8న వచ్చింది. మార్జ్ తనకు చిన్నప్పుడు ఇష్టమైన పుస్తకాన్ని కూతురు లీసాకు చదవబోయి, అందులో ఈనాటికి పనికిరాని మాటలున్నాయని దిద్దుతుంది. దిద్దిన పుస్తకంలో సారం మిగలదు. ఏం చేయాలని కూతుర్ని అడిగితే, లీసా ప్రేక్షకులవైపు తిరిగి, ఒకనాడు అందరూ మెచ్చుకొన్నది ఇప్పుడు తప్పయింది, ఎవరేం చేయగలరు అన్న అర్థంలో మాట్లాడి మంచం పక్కన చట్రం కట్టిన అపు పటంవైపు చూస్తుంది. పటం మీద ఒక ఇంగ్లీషు జాతీయం రాసి ఉంది. మాటకు మాట తీస్తే అందులో ఆవు ఉంటుంది, జాతీయంగా దానికి ‘కంగారుపడకు’ అని అర్థం. హిందువు పటం మీద ఆవు. ఈ ఆవును తీసి మేకను పెట్టలేం, ఆ లెక్కన పరీక్ష నెగ్గినట్టే. కాని అది తెలిసినదల్లా హిందువూ ఆవూ అన్న జోడు ఒక్కటే. 1992లో తొండం, 2018లో ఆవు.

నన్ను ఆపింది ఆ ఆవు కాదు, మార్జ్. 1990లో ఇదే మార్జ్‌ను డేవిడ్ విషయంలో ఇదే రకం ప్రశ్న అడిగారు. ఆమె కొంచెం ఆలోచించి, తన రెండు మాటలూ పొసగవని అందరి ఎదుటా ఒప్పుకొంది. 2018లో ఆమె కొన్ని సంగతులు తరువాత చూద్దామంటుంది, చూస్తే గీస్తే అని కూతురు అందుకొంటుంది. వీలైతే ఈ రెండు భాగాలనూ వరసగా చూడమని మా ఎం.ఏ. విద్యార్థులకు చెబుతున్నాను. పిల్లవాడికి కూడా అదే చెప్పాను. వాడు మొదటిది చూశాడు. రెండోది చూసేలోగా మా అమ్మ వాడి చేతిలో ప్రసాదం పెట్టింది, మిఠాయి ముక్క పంటికి అంటుకొని కాసేపు వాడు మాట్లాడలేదు.